తప్పు అమ్మమ్మది కాదు

మా అమ్మమ్మ తన వంటలన్నీ ఒక ఫైల్‌లో తెలుగులో టైప్ చేసి పెట్టుకుంది. అందులో "నైవేద్యం" అని వెతికితే ఏమీ రాలేదు. "స్పెల్లింగ్ తప్పు కొట్టావు అమ్మమ్మా" అనేశాను. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను, ఆవిడ తెలుగుకి తప్పు పట్టాను!

తర్వాత పైథాన్‌లో ఆ పదాన్ని విప్పి చూశా. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: 0సీ48 అనే ఒకే కోడ్, లేదా ఎత్వం 0సీ46, దాని వెనక 0సీ56. నా కీబోర్డ్ మొదటిది ఇస్తే, ఆవిడది రెండోది ఇచ్చింది. కంటికి రెండూ ఒకటే. యూనికోడ్ లెక్కలోనూ రెండూ సమానమే. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేస్తే రెండోది మొదటిదిగా మారిపోతుంది.

సీఎల్‌డీఆర్ కీబోర్డ్ స్పెసిఫికేషన్‌లో నార్మలైజేషన్ డిఫాల్ట్‌గా ఉంటుంది, వద్దనుకుంటేనే ఆపాలి. అదే న్యాయం. కానీ కీబోర్డ్ ఒక్కటే మారితే చాలదు. పాత ఫైళ్ళు అలాగే ఉంటాయి కదా! అందుకే వెతికే ప్రోగ్రామ్ కూడా, పోల్చే ముందు రెండు వైపులా నార్మలైజ్ చేయాలి. పైథాన్‌లో దానికి రెడీగా ఫంక్షన్ ఉంది. మనం రాసే ప్రతి సెర్చ్‌లో అది పెడదాం.

అమ్మమ్మకి సారీ చెప్పాను. "సర్లే, నైవేద్యం దొరికిందా?" అంది.