డబ్బా మీద ఆ అక్షరాలు చూశారా?

'మామూలు ఆయిల్ పొయ్యమంటారా, సింథటిక్ వెయ్యమంటారా?'

బండి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా మెకానిక్ అడిగే ప్రశ్నే ఇది. 'ఖరీదైనదే వేసెయ్, ఇంజిన్ బాగుంటుంది' అనేవారు కొందరైతే, 'ఆఫీసుకెళ్లే బండికి అంతెందుకులే' అనేవారు మరికొందరు. ఇద్దరూ ధర గురించే ఆలోచిస్తారు. కానీ బండికి ఏది సరిపోతుందో చెప్పేది ధర కాదు, డబ్బా మీద చిన్నగా ముద్రించి ఉండే నాలుగైదు అక్షరాలు!

ఏమిటీ తేడా?

ముడిచమురును శుద్ధి చేస్తే వచ్చేది మినరల్ ఆయిల్. అందులో చిన్నా పెద్దా అణువులు కలగాపులగంగా ఉంటాయి. సింథటిక్‌లో అవి దాదాపు ఒకేలా ఉండేట్టు రసాయన ప్రక్రియలతో తయారుచేస్తారు. అందుకే అది వేడిని బాగా తట్టుకుంటుంది, త్వరగా చెడిపోదు. రెండూ కలిస్తే సెమీ సింథటిక్.

చాలా బైకుల ఇంజిన్లను చల్లబరిచేది గాలే. దానికితోడు ఒకే ఆయిల్ ఇంజిన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ పనిచేయాలి. మండుటెండలో గంటల తరబడి హైవే మీద వెళ్లేవారికి, శక్తిమంతమైన బైకులు నడిపేవారికి సింథటిక్ బాగా ఉపయోగపడుతుంది. ఇంటికీ ఆఫీసుకీ తిరిగే వంద సీసీ బండికి మాత్రం కంపెనీ చెప్పిన మినరల్ ఆయిల్‌ని వేళకు మారిస్తే చాలు.

అంకెల అర్థం

డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటే, 'డబ్ల్యూ' అంటే వింటర్, అంటే చలికాలం. దానికి ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆయిల్ చలిలో అంత తేలిగ్గా పారుతుంది. చివరి అంకె ఇంజిన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది. చిక్కగా ఉంటే మంచిదని 10డబ్ల్యూ-30 వాడాల్సిన బండిలో 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ మీద భారం పెరిగి మైలేజీ తగ్గుతుంది. పాత బుల్లెట్లకైతే ఆ చిక్కదనమే కావాలి. ఏ బండికి ఏదన్నది కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఎంఏ... ఎంబీ

అన్నిటికన్నా ముఖ్యమైంది 'జాసో' గుర్తు. ఇది 1998లో జపాన్ తెచ్చిన ప్రమాణం. గేర్లున్న బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటాయి. వాటికి 'ఎంఏ' రకం వాడాలి. 2006లో ఇందులోనే ఎంఏ1, ఎంఏ2 అని రెండు తరగతులు వచ్చాయి. గేర్లులేని స్కూటర్లలో క్లచ్‌కి ఆయిల్ తగలదు కాబట్టి, రాపిడిని ఇంకా తగ్గించే 'ఎంబీ' రకం సరిపోతుంది.

ఇంట్లో కారుకి తెచ్చిన ఖరీదైన సింథటిక్ మిగిలిందని బైకులో పోసేవాళ్లుంటారు. కారు ఆయిళ్లు చాలావాటిలో రాపిడిని తగ్గించే పదార్థాలు ఎక్కువ. దాంతో క్లచ్ ప్లేట్లు పట్టు తప్పి జారతాయి. యాక్సిలరేటర్ ఇస్తే మోత పెరుగుతుంది కానీ బండి ముందుకు ఉరకదు. చివరికి ప్లేట్లు మార్పించాల్సి వస్తుంది. పొదుపు చేద్దామనుకుంటే ఖర్చు నెత్తిన పడుతుందన్నమాట!

స్ప్రేయర్లకు వేరే

పొలంలో మందుకొట్టే టూస్ట్రోక్ స్ప్రేయర్లలో ఆయిల్‌ని పెట్రోల్లోనే కలిపి పోస్తారు, అది కూడా కాలిపోతుంది. అందుకే వాటికి 2టీ ఆయిలే వాడాలి. బైకు ఆయిల్ కలిపితే ప్లగ్గుకి మసి పట్టేస్తుంది. కంపెనీ 25:1 అంటే లీటరు పెట్రోల్‌కి 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20 మిల్లీలీటర్లు కలపాలి.

ఇవి గుర్తుంచుకోండి

* ఆయిల్ నల్లబడినంత మాత్రాన చెడినట్టు కాదు. మసిని తనలో కలుపుకోవడమూ దాని పనే.

* సింథటిక్ వేశాం కదా అని గడువు దాటించకూడదు. పెట్రోల్ ఆవిర్లూ తేమా దాన్నీ పాడుచేస్తాయి. కిలోమీటర్లు, నెలలు... ఏది ముందు పూర్తయితే అప్పుడే మార్చాలి.

* వంద సీసీ బండిలో పట్టేదే సుమారు లీటరు. అందులో పావు లీటరు తగ్గినా ప్రమాదమే. పదిహేను రోజులకోసారి బండిని సమతలంగా నిలబెట్టి స్టిక్‌తో మట్టం చూడాలి. కింది గీత కన్నా తగ్గితే ఎంత ఖరీదైన ఆయిలైనా ఇంజిన్‌ని కాపాడలేదు.

* సీలున్న డబ్బాని కళ్లముందే తెరిపించాలి. ఖాళీ అయ్యాక దాన్ని కోసేయాలి, లేదంటే అందులో నకిలీ సరుకు నింపి అమ్మే ప్రమాదం ఉంది.

* తీసేసిన ఆయిల్‌ని కాలవలో పారబోయకూడదు. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలి.