అమ్ముడుపోతే గెలిచినట్టేనా?

తిరుపతి ఇంజనీరింగు పిల్లల చెవిలో ఇప్పుడు ఒకటే పాట. ఏదో ఒక స్టార్టప్ పెట్టు, నాలుగేళ్లు తిప్పలు పడు, పెద్ద కంపెనీకి అమ్ముకో, గెలిచినట్టే. ఈ అమ్మకానికి ‘ఎగ్జిట్’ అని ముద్దుపేరు. బయటపడటం గెలుపెట్లా అయింది? లోపల మిగిలినోళ్ల గతేంది? అమెరికాలో ఓఎంజీపాప్ అనే చిన్న సంస్థ కథ తెలిస్తే ఈ ప్రశ్నలు అడక్కుండా ఉండలేం.

న్యూయార్కులో 2006లో మొదలైన ఆటల సంస్థ అది. ముప్పైకి పైగా ఆటలు చేసింది. చాలావాటిని లోకం పట్టించుకోలేదు. 2012 ఫిబ్రవరిలో ‘డ్రా సమ్‌థింగ్’ వచ్చింది. మూడు మాటలిస్తారు. ఒకటి ఎంచుకుని ఫోన్ మీద వేలితో దాని బొమ్మ గీయాలి. ఎక్కడో ఉన్న స్నేహితుడు ఆ గీతలు ఒక్కొక్కటే పడటం చూసి మాట కనుక్కోవాలి. కనుక్కుంటే ఇద్దరికీ సమానంగా నాణేలు. ఇందులో ఓడించే పని లేదు, తొందర అసలే లేదు. యాభై రోజుల్లో ఐదు కోట్ల డౌన్‌లోడ్లు!

మార్చి 21న ఫార్మ్‌విల్ కంపెనీ జింగా దాన్ని సుమారు 18 కోట్ల డాలర్లకు కొనేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు నెలలు తిరక్కుండానే ఆడేవాళ్లు లక్షల్లో జారిపోయారు. కంపెనీలు డబ్బు కట్టి తమ సరుకుకు సంబంధించిన మాటల్ని ఆ గీసే మాటల్లోకి ఎక్కించే ఏర్పాటు కూడా వచ్చింది. స్నేహితుడి కోసం గీసే బొమ్మ ప్రకటనైపోయింది. అక్టోబరుకల్లా ఈ కొనుగోలు కింద 8.5 నుంచి 9.5 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకోవాల్సి వస్తుందని జింగానే చెప్పింది. 2013 జూన్ 3న 520 మందిని తీసేస్తూ న్యూయార్కు ఆఫీసునూ మూసేసింది. సెప్టెంబరు ఆఖరుకు ఓఎంజీపాప్ సైటు కూడా పోయింది.

‘ఎట్లాగూ ఆ మోజు తగ్గేదే కదా, మంచి ధర ఉండగానే అమ్ముకోవడం తెలివే కదా’ అంటారు. మోజు తగ్గేమాట నిజమే. ఏళ్ల తరబడి ఈదులాడినవాళ్లు డబ్బు తీసుకోవడాన్నీ నేను తప్పుపట్టను. అయితే ఒకటి గమనించండి. ముప్పై ఆటలు ఆడకపోయినా బతికిన సంస్థ, ఒక ఆట ఆడినాక చచ్చింది. ఆటన్నాక పాతబడుతుంది, చేసినోళ్లు ఇంకోటి చేస్తారు. 18 కోట్ల డాలర్లు పెట్టిన యజమానికి మాత్రం ఆ సహజమైన తగ్గుదలే నేరంగా కనిపిస్తుంది. సంస్థను చంపింది మోజు తగ్గడం కాదు, దానిమీద కట్టిన ధర.

ఇంకో సంగతి. జింగాలో చేరనన్న ఉద్యోగి ఒకాయన ఉన్నాడు, షే పియర్స్. తన సొంత సమయంలో చేసుకున్న ‘కనెక్ట్రోడ్’ అనే చిన్న ఆట తనదిగానే ఉంటుందని ఒప్పందంలో రాయమన్నాడు. రాయలేదు. సంతకం పెట్టకుండా వచ్చేశాడు. సంస్థ అధిపతి డాన్ పోర్టర్ ఆయన్ని స్వార్థపరుడని బహిరంగంగా ఎద్దేవా చేసి, ఆనక క్షమాపణ చెప్పుకున్నాడు. తన పనిని తాను ఉంచుకుంటానన్నోడిది స్వార్థమంట, అందరి పనినీ కలిపి అమ్మితే విజయమంట!

తిరుమల కొండమీద హథీరాంజీ మఠం ఉంది. రాత్రిళ్లు స్వామి వచ్చి బావాజీతో పాచికలాడేవాడని కథ. ఇద్దరున్నంతసేపూ స్వామి హారం ఆటలో భాగమే. తెల్లారి ఊరి కళ్లబడేసరికి అది దొంగసొత్తయింది. ఆడినోళ్ల మధ్య ఉన్నదానికి బయటోడు వెలకడితే జరిగేది ఇదే. డ్రా సమ్‌థింగ్‌లో ఉన్న విలువంతా గీసినోడికీ కనుక్కున్నోడికీ మధ్యే ఉంది. జింగా కొన్నది ఆడేవాళ్ల లెక్క, దొరకనిది వాళ్ల స్నేహం.

రేపు మన పిల్లలు బెంగళూరు బస్సెక్కి ఇట్లాంటి కంపెనీల్లోనే చేరతారు, కొందరు సొంతంగా పెడతారు కూడా. వాళ్లకు చెప్పాల్సిన పాఠం వేరే. సంతకానికి ముందు మూడు ప్రశ్నలడగండి. నా సొంత పని నాదిగా ఉంటుందా? మూసేస్తే ఆడినోళ్ల బొమ్మలు వాళ్లకు తిరిగిస్తారా? సంస్థను మూసేటప్పుడు దాన్ని కట్టినోళ్లకు ఒక మాటైనా ఉంటుందా? మూడింటికీ లేదనే జవాబొస్తే దానికి ఎగ్జిట్ అని పేరు పెట్టొద్దు. మన భాషలో దానికి అమ్ముడుపోవడమనే పాత మాట ఉండనే ఉంది.