శుభసంఖ్యయు దారిసంఖ్యయు

హైదరాబాదు నగరమున క్రొత్త కారు కొన్నవారు తమకు నచ్చిన నంబరుకొరకు వేలము పాడుచుందురు. 9999 అను నంబరునకు లక్షలకొలది రూపాయలు చెల్లించినవారు కలరు. అంకెలన్నియు కూడగా తొమ్మిది రావలెనట! వచ్చినచో బండికి ఆపద రాదట! ఇట్లు నమ్మువారందరు చదువురానివారు కారు. అమీరుపేటలో కంప్యూటరు విద్య నేర్చి విదేశములకేగి వచ్చినవారును అందున్నారు. మీ బండి నడచు రహదారి సంఖ్య యేదియని వారినడుగుడు, తడబడుదురు.

బేగంపేట చేరువనే, అమీరుపేట, పంజగుట్టల మీదుగా పోవు పెద్దబాట పూనానుండి షోలాపురము, జహీరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నము చేరు జాతీయ రహదారిలోనిది. దానికి పూర్వము 9 అని సంఖ్య. 2010లో ప్రభుత్వమువారు జాతీయ రహదారుల సంఖ్యలను మార్చినపుడు అది 65 అయ్యెను. శుభసంఖ్యలను నమ్ము సోదరులారా! తొమ్మిదియే రక్షించునదైనచో, ఆ రహదారి తొమ్మిదిగా నున్నంతకాలము దానిపై ఒక్క ప్రమాదమైనను జరుగకుండవలసినది గదా! జరుగలేదని చెప్పగలరా? ప్రమాదమునకు వేగము, త్రాగుడు, నిద్రలేమి కారణములు గాని అంకెలు కారణములు కావు.

సంఖ్య యన చక్కగా తెలియజేయునదని ఆ పదములోని ధాతువే చెప్పుచున్నది. రహదారి సంఖ్య అట్టిది. 2010 నాటి పద్ధతిలో ఉత్తరదక్షిణములుగా పోవు ప్రధాన రహదారులకు సరిసంఖ్యలు; అవి తూర్పునుండి పడమరకు పెరుగును. కోస్తా వెంట పోవునది 16. శ్రీనగరమునుండి మన నగరము మీదుగా కన్యాకుమారి చేరునది 44. తూర్పుపడమరలుగా పోవు వానికి బేసిసంఖ్యలు. అవి ఉత్తరమునుండి దక్షిణమునకు పెరుగును. మూడంకెల సంఖ్య శాఖామార్గమునకు గుర్తు. చివరి రెండంకెలు మూలమార్గమును తెలుపును. నకిరేకల్లు వద్ద 65 నుండి చీలు దారి 365 అగుట ఇందువలననే. పదేండ్ల బాలునకు ఒక్క పూటలో నేర్పదగిన విషయమిది. అయినను మన ఇండ్లలో దీనిని నేర్పువారేరి?

చేతిలోని ఫోనే దారి చూపుచుండగా ఈ శ్రమయేల యని కొందరందురు. ఫోను ముందరి మలుపు చూపును, నిజమే. కాని అర్ధరాత్రి తెలియని చోట బండి బోల్తాపడినపుడు, ఫోను పగిలి, దారినపోవు వాని ఫోనుతో 108కో, జాతీయ రహదారుల సహాయమునకైన 1033కో చెప్పవలసివచ్చినపుడు, ‘ఎచ్చట?’ అను ప్రశ్నకు బదులేమి? రహదారి సంఖ్యయు, ప్రక్కనున్న పసుపుపచ్చ తలగల రాతిపై కిలోమీటరును చెప్పినచో సహాయము సూటిగా వచ్చును. చెప్పలేనివాడు ‘ఇక్కడెక్కడో చెట్లున్నవి’ అనును. అంతలో రక్తము పోవుచునే యుండును.

ప్రభుత్వమువారికిని ఇందు దోషము కలదు. మూఢనమ్మకమును వేలమువేసి ధనము కూర్చుకొనుచు, దారిసంఖ్యల యర్థమును ఇంటింటికి తెలుపు పూనిక చూపరైరి. ఆ ధనములో కొంత ఈ బోధనకు వెచ్చించిన నేమి లోటు? వారు మేల్కొనువరకు మనము వేచియుండనక్కరలేదు. తల్లులారా, తండ్రులారా! వచ్చు సెలవులలో ఊరికి పోవునపుడు పిల్లలచేత దారిసంఖ్యలను, కిలోమీటరు రాళ్లను చదివించుడు. బండికి నంబరు కొనబోవువారు జ్యోతిష్కునికీయదలచిన రూపాయలతో మంచి శిరస్త్రాణమునో, బండికి క్రొత్త చక్రములనో కొనుడు.