ఎంజైము దాణాతో ఖర్చు తగ్గేను, లాభం ఎవరికి?

తిరువూరు: బ్రాయిలర్ కోళ్ల పెంపకం ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు దాణాకే పోతున్నది. 2021లో సోయాచెక్క ధర మండిపోగా, కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతించవలసి వచ్చింది. 2024లో ఇథనాలు తయారీకి తరలిపోవడంతో మొక్కజొన్న ధర పెరిగింది. అందువల్ల దాణాలో పోషకాలు కొంత తగ్గించి, ఆ లోటును ఎంజైములతో పూడ్చే పద్ధతికి ప్రాధాన్యం ఏర్పడింది.

బిగిసిన భాస్వరం

ఎంజైము మందు కాదు, టానిక్కూ కాదు. తిన్నది అరిగేందుకు తోడ్పడే పదార్థం. మొక్కజొన్న, సోయాచెక్కలలోని భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బిగిసి ఉంటుంది. కోడి దానిని చాలినంతగా విడదీసుకోలేదు. అది రెట్టలో పోతుంటే, రైతు డబ్బు పోసి డై కాల్షియం ఫాస్ఫేటు (డి.సి.పి.) కలుపుతున్నాడు. ఫైటేజ్ అనే ఎంజైము ఈ ముడిని విప్పుతుంది. కిలో దాణాకు 500 యూనిట్లు కలిపితే దాదాపు ఒక గ్రాము భాస్వరం కోడికి అందుతుంది. ఆ లెక్కన టన్నుకు సుమారు 5 కిలోల డి.సి.పి. ఆదా అవుతుంది.

జాగ్రత్తలు

డి.సి.పి. తగ్గించకుండా ఎంజైము కలిపితే ఆదా ఉండదు. లెక్క లేకుండా తగ్గిస్తే పిల్లల కాళ్లు వంకరపోయి కుంటుతాయి. డి.సి.పి.తోపాటు సున్నం కూడా తగ్గుతుంది కనుక దానినీ సరిచూసుకోవాలి. టన్నుకు కలిపేది చాలా తక్కువ మొత్తమే కావడంతో ముందుగా కొంత పిండిలో కలిపి, తరువాత మొత్తానికి పట్టించాలి. వేడికి ఎంజైము చెడుతుంది. గుళికల దాణాకు వేడిని తట్టుకునే రకమే వాడాలి. మన ఎండల్లో రేకుల షెడ్డులో సంచులు నిల్వ ఉంచరాదు.

కాంట్రాక్టు రైతు మాటేమిటి?

సొంతంగా దాణా కలుపుకునే రైతుకు ఈ ఆదా నేరుగా మిగులుతుంది. కాంట్రాక్టు పెంపకంలో పిల్లలు, దాణా కంపెనీవే. ఆదా కంపెనీకి చేరుతుంది. దాణా సరిగా లేక కోడి బరువు తగ్గితే మాత్రం కోత పడేది రైతు పెంపకం కూలిలోనే. సంచిలో ఏమున్నదో తెలియనివాడు నష్టం భరించడం న్యాయం కాదు. దాణాలోని పోషకాలు, ఎంజైముల వివరాలు సంచిపై తెలుగులో ముద్రించాలి. బ్యాచికి ఒక నమూనా రైతు వద్ద ఉంచే షరతు ఒప్పందంలో చేరాలి. పశుసంవర్ధక శాఖ, గన్నవరం పశువైద్య కళాశాల నిపుణులు గ్రామాలకు వచ్చి ఈ లెక్కలు వివరించడం అవసరం.