చీటీ మన కంటికి ఆనాలి

1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలు. బొంబాయి ఉత్తర నియోజకవర్గం. ఈ దేశంలో మనిషికొక ఓటు, ప్రతి ఓటుకీ ఒకే విలువ అని రాజ్యాంగంలో రాసిచ్చిన బాబాసాహెబ్ అంబేడ్కర్ అక్కడ 14,561 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే ఎన్నికలో చెల్లవని పక్కన పడేసిన ఓట్లు 74,333. ఓడించిన తేడాకి అయిదు రెట్లు! అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఓటరుకి రెండు ఓట్లు. రెండూ ఒకే అభ్యర్థికి వేస్తే ఒకటి చెల్లదు. అంబేడ్కర్, అశోక్ మెహతా కలిసి ఆ ఎన్నిక మీద పిటిషను వేశారు.

ఓటు వెయ్యడం ఒక ఎత్తు. వేసిన ఓటు లెక్కలోకి రావడం ఇంకో ఎత్తు.

ఈ పాతకథ ఇప్పుడెందుకంటారా? 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు వీవీప్యాట్ చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కోరికను తోసిపుచ్చింది. అదే తీర్పులో, చీటీలను మిషనుతో లెక్కించొచ్చేమో, గుర్తుతోపాటు పార్టీకొక బార్ కోడ్ వెయ్యొచ్చేమో చూడమని ఎన్నికల సంఘానికి సూచించింది. సబ్బుపెట్టె మీద ఉండే నల్లగీతలు రేపు ఓటు చీటీ మీదికి రావచ్చు.

ఎన్నికల డ్యూటీ చేసిన అయివార్లలో నేనూ ఒకణ్ణి. ఒకసారి దళితవాడ ముసలమ్మ ఒకామె ఓటేసి వస్తా, "అయివారా, నా బొమ్మ అద్దంలో కనపడింది" అని నవ్వింది. అక్షరం రాని మనిషి ఏడు సెకన్లలో తన ఓటును తానే తనిఖీ చేసుకుంది. బార్ కోడ్ వస్తే? బొమ్మను ఆమె చూస్తుంది, గీతల్ని మిషను చూస్తుంది. రెండూ ఒకటేనని ఎవరు చెప్పాలి? బార్ కోడ్ ముందు డిగ్రీ చదివిన నేనూ వేలిముద్రగాణ్ణే.

అమెరికాలో ఏమైందో చూడండి. అరిజోనా రాష్ట్రం మారికోపా కౌంటీలో ఓటరు వచ్చాకే, ఆఫీసుల్లో ఉండేలాంటి లేజర్ ప్రింటరు మీద బ్యాలెట్ తీసి ఇస్తారు. ఓటరు నింపినాక దాన్ని మిషను చదువుతుంది. 2022 నవంబరు 8న 60కి పైగా కేంద్రాల్లో మిషన్లు బ్యాలెట్లను తిప్పికొట్టాయి. లేజర్ ప్రింటరులో తడి సిరా ఉండదు. నల్లపొడిని వేడితో కాగితానికి అతికిస్తుంది. ఆ ఎన్నికకు మందం కాగితం వాడారు, బ్యాలెట్ పొడవు 20 అంగుళాలకు పెంచారు. వేడి చాల్లేదు, పొడి అంటుకోలేదు, అచ్చు పలచబడింది. ముందు పరీక్ష చెయ్యలేదా? చేశారు. ఆ పరీక్షలో అసలు రోజు పడే ఒత్తిడి లేదు, అంతే. అయినా ఆ ఓట్లు మట్టిలో కలవలేదు. మనిషి కంటికి కనపడే కాగితం ఉండబట్టి, వాటిని విడిగా పెట్టెలో వేయించి తర్వాత లెక్కపెట్టారు.

మన వీవీప్యాట్‌లో ఉండేది ఏటీఎం చీటీలాంటి కాగితం. వేడి తగిలి అక్షరం పుడుతుంది. ఆ చీటీని చొక్కాజేబులో మరిచిపోతే ఏమవుతుందో మనకు తెలుసు. మే నెల ఎండ, ఉక్కపోత, ఉప్పుగాలి. ఏసీ గదిలో పాసైన మిషను మైపాడు బడిలో, జువ్వలదిన్నె బడిలో కూడా పాస్ కావాలి గదా!

మేం మిషనుకి శత్రువులం కాదు. కాగితం పవిత్రమనీ అనడం లేదు. పెట్టెలు ఎత్తకపోయిన రోజులు, మనం పోయేలోపలే మన ఓట్లు గుద్దేసిన రోజులు మరవలేదు. లెక్కపెట్టేది మిషనైనా మనిషైనా, ఆ లెక్కను కూలితల్లి కూడా సరిచూసుకోగలగాలి. మేం అడిగేది అంతే.

అందుకే మన డిమాండ్లు. బార్ కోడ్ పెట్టినా బొమ్మకీ పేరుకీ విలువ తగ్గించొద్దు. రెండింటికీ తేడా వస్తే బొమ్మదే గెలుపు కావాలి. పరీక్షలు ఊళ్ళల్లో, జనం ముందర జరగాలి. 2019 ఏప్రిల్ 8 తీర్పు ప్రకారం అసెంబ్లీ సెగ్మెంటుకి అయిదు బూతుల చీటీలను చేత్తో లెక్కించే పద్ధతిని, మిషను వచ్చిందనే సాకుతో ఎత్తెయ్యొద్దు.

మన పని కూడా ఉంది. పోలింగు మొదలయ్యేముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ జరుగుతుంది. కనీసం 50 ఓట్లు వేసి, మిషను లెక్కనీ చీటీల లెక్కనీ పోల్చి చూపాలి. ఏజెంట్లు రాకపోతే 15 నిమిషాలు చూసి మొదలుపెడతారు. ఆ తెల్లవారుజామున మన మనిషి అక్కడ ఉంటున్నాడా? సాయంత్రం 17సి ఫారం నకలు అడిగి తీసుకుంటున్నాడా? బిర్యానీ పొట్లానికి ఆశపడి ఏజెంటు కుర్చీని పెత్తందారు మనిషికి వదిలేస్తే, తర్వాత ఏ మిషనుని తిట్టి ఏం లాభం?

ప్రతి దళితవాడ నుంచీ ఒక చదువుకున్న పిల్లనో పిల్లోణ్ణో ఇప్పుడే తయారుచేద్దాం. వచ్చే ఎన్నికల రోజు మన వాళ్ళు చివర వరసలో నిలబడేవాళ్ళుగానే మిగలకూడదు, మిషనుని పరీక్షపెట్టేవాళ్ళు కావాలి.

జై భీమ్!