ఫ్యాక్టరీ కొనేముందు రైతును అడగాలి

మూతబడిన ఫ్యాక్టరీని నడిపిస్తామని ఎవరు ముందుకు వచ్చినా మొదట చూసేది యంత్రాలు, భూములు, అప్పుల పద్దు. ఎడ్లను కొనే రైతు పళ్లు చూసి ఊరుకోడు. కాడి కట్టి చూస్తాడు, ఆ ఊళ్లో నలుగురిని విచారిస్తాడు. కంపెనీలు కొనేవారికీ ఈపాటి జాగ్రత్త అవసరం.

నాటి కరీంనగర్, నేటి జగిత్యాల జిల్లాలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీని బోధన్, మెదక్ ఫ్యాక్టరీలతోపాటు 2002లో ప్రైవేటువారికి అప్పగించారు. 51 శాతం వాటా కొన్నవారిది, 49 శాతం ప్రభుత్వానిది. 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో మూడూ ఆగిపోయాయి. వాటాల లెక్క ఎంత పక్కాగా ఉన్నా పొలంలో చెరకు లేనిదే ఫ్యాక్టరీ నడవదు.

చక్కెర కొనేవాడు అది ఏ ఫ్యాక్టరీదని అడగడు. ఫ్యాక్టరీకి అసలు ఖాతాదారు చెరకు రైతే. నరికిన చెరకు ఎండితే బరువు తగ్గుతుంది, ఆ నష్టం రైతు నెత్తిన పడుతుంది. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. నమ్మకం పోయిన రైతు పసుపుకో, మక్కకో, వరికో మళ్లుతాడు. మళ్లినవాడిని తిరిగి రప్పించడం తేలిక కాదు.

కనుక కొనదలచినవారు ముందు ఊళ్లు తిరగాలి. నరుకుడు ఆర్డరు సకాలంలో అందేదా? కాటా మీద నమ్మకం ఉండేదా? డబ్బు ఎన్నాళ్లకు చేతికి వచ్చేది? ఈ మూడూ అడగాలి. గేటు దగ్గర కనిపించే పెద్ద రైతులను పలకరిస్తే చాలదు. చెరకు మానుకున్నవారిని వెతికి, ఎందుకు మానుకున్నారో, ఏమి చేస్తే మళ్లీ వేస్తారో తెలుసుకోవాలి.

ఆదిలాబాద్ వైపు చూసినా ఇదే నీతి. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతబడి, 2018లో జె.కె. పేపర్ సంస్థ చేతికి వచ్చాక తిరిగి కదిలింది. నాలుగేళ్లు సరుకు రాని మిల్లు కోసం ఏ ప్రెస్సువాడూ పని ఆపుకుని కూర్చోడు. మిల్లును కొంటే యంత్రాలు వస్తాయి గాని పాత గిరాకీ దానంతట అది రాదు.

ముత్యంపేటను ఎవరికి అప్పగించదలచినా ప్రభుత్వం ముందుగా గ్రామసభలు జరిపి రైతుల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. చెల్లింపు గడువును ఒప్పందంలోనే చేర్చాలి. రైతులు కూడా మొహమాటపడకుండా, ఏ షరతుమీద ఎన్ని ఎకరాలు వేస్తారో తేల్చి చెప్పాలి. ఈ మాటలు ముందే తేలితే కొన్నవారికీ, చెరకు వేసినవారికీ మంచిది.