సినిమా కాస్తా సీరియల్ అయిపోయిందా!

పండక్కి ఇంట్లోకి కొత్త టీవీ వచ్చింది. యాభై అయిదు అంగుళాలది. గోడకు బిగించిన కుర్రాడు ‘ఏం పెట్టినా థియేటర్ లెక్కనే కనపడ్తది’ అని భరోసా ఇచ్చి మరీ వెళ్లాడు. రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ‘మాయాబజార్’ పెట్టుకున్నారు. పది నిమిషాలు గడిచాయో లేదో, తాత కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. అయినా కుదరలేదు.

‘గిదేందిరా, మనుషులు గిట్ల నడుస్తున్నరు? ఎవరో పక్కన నిలబడి వీడియో తీసినట్టున్నది.’

‘కొత్త టీవీ కదా తాతా. మస్తు క్లియర్‌గ ఉంటది.’

‘క్లియర్‌గనే ఉన్నది బిడ్డా. సినిమా లెక్క లేదు.’

ఇది ఆత్మకూర్‌లో ఓ ఇంట్లో జరిగిందనుకోండి. అమరచింతలో జరిగినా, గద్వాలలో జరిగినా, డల్లాస్‌లో ఉంటున్న మనవరాలి ఇంట్లో జరిగినా పెద్ద తేడా ఉండదు. చాలామంది ‘కళ్లు అలవాటు పడాలిలే’ అని సర్దుకుపోతారు. తాత చెప్పింది చాదస్తం అనుకుంటారు. నిజానికి ఆయన కళ్లకు ఏమీ కాలేదు. టీవీ ఆ సినిమాలో లేని బొమ్మలను సొంతంగా తయారుచేసి మధ్యమధ్య జొప్పిస్తోంది. ఆ సంగతి ఆయన కళ్లు పట్టేశాయి. మెనూలో దాక్కున్న ఆ మీట సంగతి మాత్రం దుకాణంలో ఎవరూ చెప్పి ఉండరు!

విషయం అర్థం కావాలంటే ముందు సినిమా అనేది అసలు ఎలా కదులుతుందో చూడాలి.

ఆత్మకూర్ ఒకప్పుడు సంస్థానానికి కేంద్రం. జూరాల ప్రాజెక్టుకు దగ్గరి ఊరు. నిన్నమొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. ఇలాంటి ఊళ్లలో ఇవాళ డెబ్బై దాటినవాళ్లు సినిమా చూడటం నేర్చుకున్నది టూరింగ్ టాకీసుల్లో, రేకుల షెడ్డు థియేటర్లలో. అక్కడ ప్రొజెక్టర్ గదిలో తిరిగిన రీలు వేగం సెకనుకు అడుగున్నర. అడుగు రీలులో 16 బొమ్మలు. అంటే సెకనుకు 24 అన్నమాట. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు. లెక్క కడితే మొత్తం 2 లక్షల 65 వేల బొమ్మలు! కె.వి.రెడ్డి దర్శకత్వమూ, మార్కస్ బార్‌ట్లే కెమెరా పనితనమూ అన్నీ ఆ బొమ్మల్లోనే ఉన్నాయి. వాటికి ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఈ 24 ఎక్కణ్నుంచి వచ్చిందంటారా? మూకీల కాలంలో కెమెరా హ్యాండిల్‌ను చేత్తో తిప్పేవారు. తిప్పేవాడి చెయ్యి వాటాన్ని బట్టి సెకనుకు పదహారో, ఇరవయ్యో బొమ్మలు పడేవి. హెచ్చుతగ్గులున్నా ఎవరికీ పట్టేది కాదు. బొమ్మకు మాటలు వచ్చాకే చిక్కొచ్చి పడింది. వేగం మారితే గొంతు మారిపోతుంది. నాయకుడి గొంతు ఓ క్షణం కీచుగా, మరుక్షణం బొంగురుగా వినిపిస్తే జనం ఊరుకుంటారా? అందుకని 1920ల చివర్లో హాలీవుడ్ స్టూడియోలు 24 దగ్గర స్థిరపడ్డాయి. ధ్వని బాగా రావాలంటే రీలు వేగంగా నడవాలి. డబ్బు మిగలాలంటే నెమ్మదిగా నడవాలి. ఆ రెంటికీ మధ్య కుదిరిన రాజీ అది. 1932లో మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చేనాటికి మాటల సినిమాకు అదే కొలత. రీళ్లు పోయి హార్డ్‌డిస్కులూ ఉపగ్రహాలూ వచ్చినా ఆ కొలత మారలేదు. ‘బాహుబలి’ అయినా, ‘బలగం’ అయినా సెకనుకు 24 ఫ్రేములే.

ఇందులో ఇంకో గమ్మత్తు ఉంది. ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వచ్చేటప్పుడు రీలు జరగడం మనకు కనపడకుండా ప్రొజెక్టర్ ముందు ఓ రెక్క తిరుగుతూ వెలుతురును ఆపుతుంది. ఉన్న బొమ్మనే రెండుసార్లు వెలిగించి చూపడానికి కూడా ఇంకోసారి ఆపుతుంది. ఆ చీకట్లన్నీ కలిపితే మూడు గంటల సినిమాలో దాదాపు సగంసేపు తెర మీద ఏ వెలుగూ ఉండదు. టిక్కెట్టు కొని సగం చీకటి చూసి వచ్చేవాళ్లమన్నమాట! ఆ ఖాళీలను పూరించుకునేది మన మెదడే. దానికి తోడు కెమెరా ఒక్కో బొమ్మను మామూలుగా సెకనులో 48వ వంతు సేపు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో కదిలిన చెయ్యి కొద్దిగా అలుక్కుపోయినట్టు పడుతుంది. ఆ అలుకుడూ, ఆ ఖాళీలూ కలిసే ‘ఇది మన వీధిలో జరుగుతున్నది కాదు, కథ’ అన్న భావన కలిగిస్తాయి.

మరి టీవీ మాటేమిటి? 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక సాయంత్రాలు సీరియళ్లవి అయిపోయాయి. వాటిని తీసింది వీడియో కెమెరాలతో. మన దేశపు పాల్ పద్ధతిలో వీడియో కెమెరా కదలికను సెకనుకు 50 సార్లు పట్టుకుంటుంది. సినిమాతో పోలిస్తే రెట్టింపుకు పైనే. అందుకే అందులో మనుషుల నడక జారుతున్నట్టు, ఎదురుగా ఉన్నట్టు ఉంటుంది. క్రికెట్టూ అంతే, వార్తలూ అంతే. ఏళ్ల తరబడి చూసి చూసి మన కళ్లు ఎవరూ నేర్పకుండానే ఓ గుర్తు పెట్టుకున్నాయి. జారినట్టు కదిలితే సీరియల్, కాస్త ఆగి ఆగి కదిలితే సినిమా. అమెరికావాళ్లకూ ఇదే అనుభవం. వాళ్లు దీనికి పెట్టుకున్న పేరే ‘సోప్ ఒపెరా ఎఫెక్ట్’. అంటే సీరియల్ వాటం!

పాత గాజుగొట్టం టీవీలో సినిమాలు వచ్చినప్పుడూ ఓ చిన్న మార్పు ఉండేది. 50కి సరిపోవాలని సినిమాను సెకనుకు 25 బొమ్మల చొప్పున నడిపేవారు. దాంతో ‘మాయాబజార్’ అంత సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. ఘంటసాల గొంతు శ్రుతి కూడా రవ్వంత పైకి జరుగుతుంది. అది ఎవరికీ తెలిసేది కాదు. బొమ్మలు ఉన్నవే కాబట్టి సినిమా సినిమాలాగే కనిపించేది.

చిక్కు పలకల టీవీలతో వచ్చింది. గాజుగొట్టం టీవీ బొమ్మను చటుక్కున మెరిపించి ఆర్పేది. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ తెరలు అలా ఆర్పవు. తరువాతి బొమ్మ వచ్చేదాకా ఉన్నదాన్నే పట్టుకుని నిలబడతాయి. దూసుకుపోయే బంతి వెంట కన్ను పరుగెడుతుంటే, బొమ్మ మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది. ఫలితంగా బంతి తోకచుక్కలా మసకబారుతుంది. దీనికి కంపెనీలు రెండు మందులు కనిపెట్టాయి. ఈ రెంటినీ కలగలిపి చూడటం వల్లే కొనేవాళ్లు తికమక పడుతున్నారు.

మొదటిది రిఫ్రెష్ రేటు. తెర సెకనుకు ఎన్నిసార్లు తాజా అవుతుందన్న లెక్క. 60 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ అని రాసి ఉంటుందే, అది. ఇందులో సినిమాకు కీడేమీ లేదు, పైగా మేలు. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అర బొమ్మను చూపలేరు కాబట్టి ఒక బొమ్మను రెండుసార్లు, తరువాతిదాన్ని మూడుసార్లు చూపాలి. కెమెరా కోటగోడ మీదుగా నెమ్మదిగా జరుగుతున్నప్పుడు ఎడ్లబండి గతుకుల్లో పడ్డట్టు కనిపించేది అందుకే. 120ని 24తో భాగిస్తే సరిగ్గా అయిదు. ప్రతి బొమ్మకూ సమాన వాటా. గతుకు ఉండదు. కాకపోతే ఓ జాగ్రత్త. పెట్టె మీద ‘మోషన్ రేట్ 120’ అని కనిపించినంత మాత్రాన లోపల ఉన్నది 120 హెర్ట్జ్ తెర అని కాదు. అది 60దే కావచ్చు. ‘ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు ఎంత?’ అని గుచ్చి అడగాలి.

రెండోది మోషన్ స్మూతింగ్. తాత సినిమాను పాడుచేసింది ఇదీ. ఫిలిప్స్ 1990లలోనే ‘నేచురల్ మోషన్’ పేరుతో ఇలాంటిది తెచ్చింది. ఇప్పుడు చాలా టీవీల్లో ఏదో ఒక పేరుతో ఉంటోంది. టీవీలోని చిప్పు పక్కపక్కనున్న రెండు బొమ్మలను పోల్చి చూస్తుంది. మొదటిదాంట్లో గద ఇక్కడుంది, రెండోదాంట్లో అక్కడుంది, అయితే మధ్యలో ఫలానా చోట ఉండి ఉంటుందని ఊహించి కొత్త బొమ్మలు గీస్తుంది. 120 హెర్ట్జ్ తెర మీద దీన్ని పూర్తిస్థాయిలో పెడితే సెకనుకు 24 అసలువి, మిగతా 96 చిప్పు గీసినవి. అయిదింట నాలుగు! ఘటోత్కచుడు గద తిప్పే ప్రతి సెకనులో ఎస్వీ రంగారావు నటించినవి 24 అయితే, ఆయన ఎన్నడూ నటించనివి 96 అన్నమాట.

ఊహ కాబట్టి తప్పులూ వస్తాయి. నడిచేవాళ్ల కాళ్లు ఒకదాన్నొకటి దాటేటప్పుడు ఏ కాలు ఎవరిదో చిప్పుకు తెలియదు. మనిషి అంచు చుట్టూ నీళ్లలో చూసినట్టు ఓ వలయం కదులుతుంది. రథచక్రం ఆకులు, తిరిగే కత్తి, వర్షం, పాటలో వేగంగా పడే స్టెప్పులు... అన్నీ దానికి పరీక్షలే. మన ఫైట్లలో ఇంకో కిటుకు ఉంది. దెబ్బ వేగంగా కనిపించాలని కెమెరాను 24 కన్నా తక్కువ వేగంతో తిప్పి తీస్తారు. నాయకుడు నడిచొచ్చే స్లోమోషన్‌కి రెట్టింపు, నాలుగింతల వేగంతో తీస్తారు. ఎక్కడ ఎంత జోరుండాలో కెమెరామన్, ఫైట్ మాస్టర్ కూర్చుని తూచి పెట్టుకున్న లెక్క అది. స్మూతింగ్ దాని మీద ఇస్త్రీ పెట్టె నడిపినట్టు అన్నింటినీ ఒకే జారుడులోకి తెచ్చేస్తుంది. ‘ఈగ’లో ఈగ ఎగరడానికీ, సీరియల్లో అత్తగారు మెట్లు దిగడానికీ కదలికలో తేడా పోతుంది.

అసలు పేచీ ఆ మీట ఉండటం గురించి కాదు. కొన్ననాటి నుంచే అది ‘ఆన్’లో ఉండి వస్తోంది, అదీ పేచీ. దుకాణంలో ట్యూబులైట్ల మధ్య, పూలూ జలపాతాలూ తిరిగే డెమో వీడియోలో ఆ నునుపు భలేగా ఉంటుంది. అమ్మకానికి పనికొస్తుంది. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పకుండా సినిమాలోనూ దూరుతుంది. ఈ బాధ హాలీవుడ్‌నూ తాకింది. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ ఓ వీడియోలో కనిపించి, సినిమా చూసేటప్పుడు దయచేసి దాన్ని ఆపమని జనాన్ని కోరారు. విమానాలకు వేలాడే హీరో వచ్చి టీవీ మెనూ గురించి బతిమాలుకోవడం వింతగా లేదూ! మరుసటి ఏడాదే ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ వచ్చింది. అది పెడితే స్మూతింగ్ దానంతటదే ఆగిపోతుంది.

అలాగని నునుపంతా చెడ్డదేం కాదు. పీటర్ జాక్సన్ 2012లో ‘హాబిట్’ను సెకనుకు 48 ఫ్రేములతో తీశాడు. సీరియల్‌లా ఉందని చాలామంది ముఖం చిట్లించారు. 2022లో ‘అవతార్’ రెండో భాగంలో జేమ్స్ కామెరాన్ కొన్ని సన్నివేశాలకే 48 వాడాడు. జనం పెద్దగా గొణగలేదు. నచ్చినా నచ్చకపోయినా అది దర్శకుడు తీసుకున్న నిర్ణయం. టీవీది కాదు. ఇక బాగా వెలుతురున్న పెద్ద తెర మీద 24 ఫ్రేముల గతుకు కొందరికి కళ్లు లాగేస్తుంది. అలాంటివాళ్లు పూర్తిగా ఆపకుండా ఒకటో రెండో అంకె మీద ఉంచుకోవచ్చు. క్రికెట్‌కు ఉంచుకున్నా నష్టం లేదు. పిల్లలు వీడియోగేమ్ ఆడితే మాత్రం ఆపాల్సిందే. మధ్య బొమ్మ గీయాలంటే తరువాతి బొమ్మ వచ్చేదాకా టీవీ ఆగి చూడాలి, ఆ ఆలస్యానికి గేమ్‌లో కారు గోడకు గుద్దుకుంటుంది. అందుకే ‘గేమ్ మోడ్’ దాన్ని మామూలుగా ముందే ఆపేస్తుంది.

ఆపడం ఎలాగంటే, సెట్టింగ్స్‌లో ‘పిక్చర్’కు వెళ్లి, అందులో ‘అడ్వాన్స్‌డ్’ లేదా ‘ఎక్స్‌పర్ట్’ అని ఉన్నచోట వెతకండి. ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది. శాంసంగ్‌లో ‘పిక్చర్ క్లారిటీ’, పాతవాటిలో ‘ఆటో మోషన్ ప్లస్’. ఎల్‌జీలో ‘ట్రూమోషన్’. సోనీలో ‘మోషన్‌ఫ్లో’. మరికొన్ని బ్రాండ్లలో ‘ఎంఈఎంసీ’ అన్న నాలుగక్షరాలు. దాన్ని ‘ఆఫ్’ చేసి, మనుషులు నడుస్తున్న ఏదో ఒక సీను మళ్లీ చూడండి. తేడా మీకే తెలుస్తుంది. చాలా టీవీల్లో ఈ సెట్టింగు ఒక్కో పిక్చర్ మోడ్‌కూ, ఒక్కో కనెక్షన్‌కూ విడివిడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్సులో ఆపినంత మాత్రాన యాప్‌లో వచ్చే సినిమాకు ఆగినట్టు కాదు, అక్కడికీ వెళ్లి ఇంకోసారి ఆపాలి.